మాల్దీవుల గెస్ట్ హౌస్: గదికి నాలుగు స్టార్లు, బిల్లుకు రెండు

మాకు అంతర్వేదిలో ఏడు గదుల లాడ్జి ఉంది. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే నేను ఏ ఊళ్లో దిగినా అతిథిలా ఉండలేను. గదిలో అడుగు పెట్టగానే అందరూ కర్టెన్ తీసి బయట సముద్రం కనిపిస్తుందా అని చూస్తారు. నేను బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పుతాను. నీళ్లు ఎంత జోరుగా వస్తున్నాయి, ఏం వాసన వస్తోంది, కుళాయి మూతి దగ్గర తెల్లటి ఉప్పు పేరుకుందా, ఇవి చూశాకే మంచం మీద కూర్చుంటాను. మా ఆయన దీన్ని జబ్బు అంటారు. నాకైతే వృత్తి.

పోయిన ఏడాది, అంటే 2025 జూన్‌లో, మాల్దీవులు వెళ్లాం. మా తమ్ముడు అక్కడ ఒక ద్వీపంలో స్కూల్లో లెక్కల మాస్టారు. ఎన్నాళ్ల నుంచో రమ్మంటున్నాడు. వాడుండేది ఒంటి గది కాబట్టి అదే ద్వీపంలో ఒక గెస్ట్ హౌస్ బుక్ చేశాడు. రోజుకు 55 డాలర్లు, పొద్దున టిఫిన్‌తో కలిపి, పన్నులు వేరే. ఆ గెస్ట్ హౌస్ పేరు గానీ ద్వీపం పేరు గానీ ఇక్కడ రాయడం లేదు. ఎందుకో బిల్లు దగ్గరికొచ్చాక చెప్తాను.

మనవాళ్లు మాల్దీవులు అనగానే నీళ్ల మీద కట్టిన విల్లాలు, హనీమూన్ ఫొటోలే అనుకుంటారు. అవి రిసార్టులు, ఒక ద్వీపం మొత్తం ఒకే హోటల్. మేం దిగింది అక్కడి మనుషులుండే ఊళ్లో. మొత్తం 1,192 ద్వీపాలైతే జనం ఉండేవి 190 లోపే. ఊళ్లలో గెస్ట్ హౌస్‌లు పెట్టుకోనిచ్చి పదిహేనేళ్లు దాటిందంతే. ఊరు కాబట్టి మసీదు, స్కూలు, కౌన్సిల్ ఆఫీసు, కరెంటు తయారుచేసే షెడ్డు అన్నీ ఉంటాయి. మందు దొరకదు. స్విమ్ డ్రెస్ వేసుకునేవాళ్లకు ఒక మూల వేరే బీచ్ కేటాయించారు. పిల్లలతో వెళ్లేవాళ్లకు ఇదే సుఖం.

రాజధాని మాలేలో విల్లింగిలి జెట్టీ దగ్గర ఫెర్రీ ఎక్కాలి. అక్కడ గంటన్నర కూర్చున్నాం కాబట్టి ఒడ్డున ఉన్న గోడను తీరిగ్గా చూశాను. నాలుగు కాళ్ల కాంక్రీటు దిమ్మలు, ఒక్కోటి మనిషెత్తు, ఒకదాని కాళ్లలో ఒకటి ఇరికించి పేర్చారు. 1987 ఏప్రిల్‌లో ఎక్కడో దూరాన పుట్టిన పెద్ద అలలు వచ్చి మాలేను ముంచాయట. వాన లేదు, తుపాను లేదు, ఎండ కాస్తూండగానే నీళ్లు వీధుల్లోకి వచ్చేశాయి. ఆ అక్టోబరులోనే అప్పటి అధ్యక్షుడు గయూమ్ ఐక్యరాజ్య సమితికి వెళ్లి, సముద్రం పెరిగితే మా దేశమే ఉండదు అని చెప్పాడు. అప్పటికి ఈ సంగతి మాట్లాడేవాళ్లే తక్కువ. 1989లో చిన్న ద్వీప దేశాలన్నింటినీ మాలేకే పిలిచి సమావేశం పెట్టారు. ఈ గోడ మాత్రం జపాన్ డబ్బుతో ఏళ్ల తరబడి కట్టారు. 2004 సునామీలో మాలే ఆ మాత్రం బతికి బయటపడిందంటే ఈ దిమ్మల వల్లే అని అక్కడ అందరూ అంటారు. బాగానే ఉంది, కానీ ఫెర్రీ కదిలి పది నిమిషాలు పోగానే కనిపించే ద్వీపాలకు ఏ గోడా లేదు. కొబ్బరి చెట్లు, ఇసుక, దాని పక్కనే నీళ్లు. మా దిగువ లంకల్లో ఏటిగట్టు దాటాక ఉండే ఇళ్లు గుర్తొచ్చాయి.

ఇక గది. పది బై పన్నెండు ఉంటుంది. దుప్పట్లు తెల్లగా, ఇస్త్రీ చేసి ఉన్నాయి. ఏసీ నీళ్లు కారుతోంది, కింద ఒక ఐస్‌క్రీం డబ్బా పెట్టారు. వైఫై రాత్రి తొమ్మిదయ్యాక పనిచేస్తుంది. బాత్రూంలో బకెట్టూ మగ్గూ లేవు. మనవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. అడిగితే బట్టలు నానబెట్టే టబ్బు ఒకటి తెచ్చిచ్చారు.

కానీ కాసేపు కూర్చున్నాక ఒక విషయం పట్టేశాను. గదిలో ప్లగ్ పాయింటులన్నీ ఛాతీ ఎత్తున ఉన్నాయి. కింద ఒక్కటీ లేదు. ఫ్రిజ్జు రెండడుగుల దిమ్మ మీద ఉంది. మంచానికి కాళ్లు లేవు, సిమెంటు అరుగు మీద పరుపు వేశారు. వీధిలోంచి గదిలోకి రావడానికి మూడు మెట్లు, గుమ్మానికి రెండు పక్కలా నిలువునా గాడి. ఆ గాడి ఎందుకో అప్పటికి అర్థం కాలేదు. వడ్రంగి తప్పు అనుకున్నాను.

నీళ్ల గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, భరించాలి.

ఆ ఇంట్లో నీళ్లు మూడు రకాలు. ఫ్లష్‌కి వచ్చేవి నేల నీళ్లు. లేత పసుపు, కుళ్లిన గుడ్డు వాసన. స్నానానికి వచ్చేవి సముద్రపు నీళ్లను ఆర్వో ప్లాంటులో శుద్ధి చేసి పైపుల్లో వదిలేవి, మీటరు ఉంటుంది. టీకి, వంటకు వాన నీళ్లు. పెరట్లో 2,500 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు ఉంది, రేకుల మీద పడిన వాన గొట్టంలోంచి దాంట్లోకి దిగుతుంది. సునామీలో బావులన్నీ ఉప్పు తేలిపోతే ఇలాంటి ట్యాంకులు ఇంటింటికీ పంచారని ఓనరమ్మ చెప్పింది. ఆవిడకు, నాకు మధ్య భాష హిందీ. ఆవిడా సీరియళ్లు చూసే నేర్చుకుంది, నేనూ అంతే. ఇద్దరిదీ ఒకే రకం తప్పుల హిందీ కావడంతో ఇబ్బంది పడలేదు.

అలాంటి ద్వీపంలో నేల కింద నీరు ఎలా ఉంటుందో తమ్ముడు పళ్లెంలో గీసి చూపించాడు. పడిన వాన ఇసుకలోంచి దిగి, అడుగున ఉన్న ఉప్పు నీటి మీద పలచగా తేలుతూ ఉంటుంది. పులుసు మీద నూనె తేలినట్టు. ఎక్కువ తోడితే కింది ఉప్పు పైకి ఎక్కుతుంది. సముద్రం ఒక్కసారి పైనుంచి పారితే, మళ్లీ వానలు పడి ఆ ఉప్పంతా కడిగేదాకా నెలలు పడుతుంది. నాకు పెద్దగా చెప్పక్కర్లేకపోయింది. మా పెరట్లోనూ బోరు కొంచెం లోతుకు దింపితే ఉప్పే. ఏడో గది కట్టినప్పుడు వేయించిన బోరు రెండేళ్లకే పనికి రాకుండా పోయింది, ఇప్పుడు పండగ రోజుల్లో ట్యాంకర్ తెప్పిస్తాను.

ఆవిడ ట్యాంకుకు పక్కన సన్నటి గాజులాంటి గొట్టం బిగించుకుంది, లోపల నీళ్లెంత ఉన్నాయో బయటికి తెలిసేలా. దాని మీద గోళ్ల రంగుతో గీతలు. గులాబి గీత దాకా ఉంటే అందరికీ టీ. మధ్య గీత దిగితే అతిథులకు మాత్రమే. ఎర్ర గీత దిగిందంటే కొనడమే. గొట్టం పక్కన మేకుకు వేలాడుతూ ఒక నోటు పుస్తకం. రోజూ పొద్దున నీళ్ల మట్టం, వాన పడిందా లేదా, గదుల్లో ఎంతమంది, అలలు రోడ్డు దాకా వచ్చాయా, అన్నీ రాస్తుంది. 2011లో గెస్ట్ హౌస్ పెట్టినప్పటి నుంచి రాస్తోందట. ఇది నాలుగో పుస్తకం. తిరగేసి చూశాను. వాళ్ల లిపి కుడి నుంచి ఎడమకి, ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ ఎర్ర సిరా ఎక్కడెక్కడ ఉందో తెలుస్తోంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా, ప్రతి ఏడూ. ఆ రోజుల్లో మాలే నుంచి పడవల్లో నీళ్లు తెప్పించుకున్న ద్వీపాలు ఎన్నో.

మాలేకే దిక్కులేని రోజు కూడా ఉంది. 2014 డిసెంబరు 4న అక్కడి నీళ్ల ప్లాంటులో మంటలు లేచి రాజధాని మొత్తానికి కుళాయిలు ఆగిపోయాయి. ఓనరమ్మ అప్పుడు మాలేలో అక్క ఇంట్లో ఉందట. ఆ మర్నాడే మన విమానాలు నీళ్ల బాటిళ్లతో దిగాయి, వెనకాలే నేవీ ఓడలు వెళ్లాయి. "మీ దేశం నీళ్లతో నేను తల స్నానం చేశాను, తాగే నీళ్లని తెలిసీ చేశాను" అని నవ్వింది. ఇప్పుడు చాలా ద్వీపాల్లో చిన్న ఆర్వో ప్లాంట్లు పెట్టారు, వాన నీటి నిల్వ పెంచారు. 49 ద్వీపాల కోసం ఐక్యరాజ్య సమితి వాతావరణ నిధి నుంచి డబ్బు తెచ్చుకున్నారు. మన దేశం ఇచ్చిన అప్పుతో 28 ద్వీపాల్లో నీళ్లు, మురుగు పైపుల పని చేసి 2024 ఆగస్టులో అప్పగించారు.

ఇందులో ఒక మెలిక ఉంది, నాలాంటి లాడ్జి మనిషికి వెంటనే తగులుతుంది. ఆర్వో తిరగాలంటే కరెంటు కావాలి. కరెంటు డీజిల్‌తో వస్తుంది. డీజిల్ ఓడల్లో వస్తుంది. అంటే సముద్రం పెరగడానికి కారణమైనదాన్నే కాల్చి, సముద్రం పాడు చేసిన నీళ్లకు బదులు వేరే నీళ్లు చేసుకుంటున్నారు. లోకంలో వాళ్ల పొగ వాటా 0.003 శాతమట, అందుకని వాళ్లను తప్పు పట్టలేం. కానీ 2009లో అప్పటి అధ్యక్షుడు నషీద్ మంత్రులకు సిలిండర్లు తగిలించి నీళ్ల అడుగున మీటింగ్ పెట్టిన ఫొటో మనందరికీ గుర్తుంది కదా. అదే ఏడాది, పదేళ్లలో డీజిల్ మానేసి పొగ లేని దేశం అయిపోతామని కూడా చెప్పారు. మీటింగ్ నీళ్ల కింద పెట్టారు గానీ జనరేటరు ఒడ్డునే డుబ్ డుబ్ మని కొట్టుకుంటోంది. మా గది కిటికీ దానివైపే. 2028కల్లా కరెంటులో 33 శాతం ఎండలాంటి తరగని వనరుల నుంచే తెస్తామని ఇప్పటి అధ్యక్షుడు ముయిజ్జు చెప్పాడు. స్కూలు కప్పు మీద ప్యానెళ్లు చూశాను. గెస్ట్ హౌస్ కప్పు మీద లేవు. వాన నీళ్లు పట్టుకోవాలంటే కప్పు ఖాళీగా ఉండాలి అంది ఓనరమ్మ. ప్యానెళ్ల మీద పడ్డ వాన కూడా కిందికే జారుతుంది కదా అన్నాను. ఆలోచిస్తానంది.

తిండి సంగతి త్వరగా తేల్చేస్తాను. పొద్దున మస్ హుని. సూరచేపను ఉడికించి చిదిమి, పచ్చి కొబ్బరి కోరు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మరసం పోసి చేత్తో కలిపేస్తారు. రోషి అనే పలచటి రొట్టెతో ఇస్తారు. కొబ్బరి కోరు విషయంలో కోనసీమ మనిషిని మోసం చేయలేరు, అది ఆ పూట కొట్టిన కాయే. నాలుగు రోజులూ అదే పెట్టారు, నాలుగు రోజులూ తిన్నాం. రాత్రి గరుధియా అనే చేపల చారు. పులుపు లేని చారు మనకు ఎక్కదు. మా ఆయన పచ్చడి సీసా తీశారు, ఓనరమ్మ మామగారు కూడా కొంచెం వేయించుకున్నారు.

ఆ మామగారితోనే నాకు ఈ ప్రయాణంలో మరిచిపోలేని సంగతి. డెబ్బై దాటిన మనిషి, ఒకప్పుడు సూరచేపల పడవ మీద పనిచేశాడు. రెండో రోజు టిఫిన్ దగ్గర ఆకాశం చూసి ఏదో అన్నాడు. కోడలు హిందీలో చెప్పింది: "ఇది మియాహెలి. ఈ రోజుల్లో గాలి ఇలా ఉండకూడదు అంటున్నారు."

మియాహెలి అంటే ఏంటి అన్నాను. వాళ్లకు ఏడాదిని పదమూడు, పద్నాలుగు రోజుల ముక్కలుగా విడగొట్టే లెక్క ఉందట, నకై అంటారు. దేనిలో వాన, దేనిలో గాలి, ఎప్పుడు వేటకు వెళ్లాలి, ఎప్పుడు విత్తనం వేయాలి అన్నీ దాని ప్రకారమే. వరసగా చెప్పమన్నాను. పెద్దాయన వేళ్లు మడుస్తూ మొదలెట్టాడు: అస్సిధ, బురును, కెతి, రోను, మియాహెలి, అధ, ఫునోస్, ఫుస్...

నా చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. అశ్విని, భరణి, కృత్తిక, రోహిణి, మృగశిర, ఆరుద్ర, పునర్వసు, పుష్యమి! మన కార్తెలే. మన 'ప' వాళ్ల నోట్లో 'ఫ' అయింది, అలాంటి తేడాలే. తర్వాత మా, ఉతుర, హిత, విహా, మూల అని చెప్తుంటే నేను మఖ, ఉత్తర, చిత్త, విశాఖ, మూల అని అందిస్తున్నాను. ఆయన నన్ను ఇంకోలా చూడడం మొదలెట్టాడు. మా ఊళ్లో రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి అంటాం, మృగశిర కురిస్తే ముసలి ఎద్దు రంకె వేస్తుంది అంటాం అని చెప్పాను. ఎద్దు అంటే ఏంటో కోడలు ఆయనకు చేతులతో కొమ్ములు పెట్టి చూపించింది. ఆ ద్వీపంలో ఎద్దులు లేవు మరి.

ఆయన కంప్లయింటు ఒకటే. నకై లెక్క తప్పుతోంది. రోనులో రావాల్సిన గాలి మియాహెలిలో వస్తోంది, వాన వచ్చినప్పుడు ఒక్కసారే కుమ్మరిస్తోంది, తర్వాత మాయం. పుస్తకంలో ఎర్ర సిరా రాసే కోడలు, వేళ్ల మీద నకై లెక్కపెట్టే మామగారు చెప్పేది ఒకటే. మాలేలో ఆఫీసర్లు వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్య సమితికి పంపే రిపోర్టులు 2001 నుంచి ఉన్నాయి. వాటిలో ఉన్నదీ దాదాపు ఇదే అని తమ్ముడు చెప్పాడు, టేబుళ్లు ఎక్కువ అంతే.

ఆ రోజే ఏరువాక పున్నమి. సాయంత్రం వైబర్ (వాట్సాప్ లాంటిదే) గ్రూపులో మెసేజ్ వచ్చింది, ఊరు మొత్తానికి ఒకటే గ్రూపు. రాత్రికి ఉధా ఉండొచ్చు, పడమటి వీధివాళ్లు జాగ్రత్త అని. ఉధా అంటే పొంగి వచ్చే అల. పున్నమి పోటుకు దూరపు అల తోడైతే చాలు, గాలి కూడా అక్కర్లేదు. వాతావరణ శాఖ హెచ్చరికలకు రంగులున్నాయి: తెలుపు, పసుపు, నారింజ, ఎరుపు. ఓనరమ్మ టెన్షన్ పడకుండా ముందు ఉతికిన దుప్పట్లు లోపల పెట్టింది, స్కూటీని అరుగు మీదికి ఎక్కించింది. తర్వాత మెట్ల కిందినుంచి ఒక చెక్క పలక తెచ్చి మా గుమ్మం పక్కనున్న గాడిలో దించింది. అడుగున రబ్బరు పట్టీ. నేను వడ్రంగి తప్పు అనుకున్నది ఇదీ.

రాత్రి పదకొండున్నరకు నీళ్లు వచ్చాయి. అల అంటే ఎగిసి పడడం అనుకునేదాన్ని. అలా రాలేదు. వీధి చివర దీపం కింద నేల మెరిసింది, కాసేపటికి ఆ మెరుపు మన దాకా వచ్చింది, చప్పుడే లేదు. చీలమండ దాకా. ఒక చెప్పు తేలుతూ వెళ్లింది. మొదటి మెట్టు మునిగింది, రెండోది తడిసింది, అక్కడ ఆగింది. తెల్లవారుజాము మూడింటికి వెనక్కి పోయింది. మా ఆయన నిద్రే లేవలేదు.

పొద్దున లేచేసరికి ఓనరమ్మ ఆర్వో నీళ్లతో, అవే మీటరు నీళ్లతో, పెరట్లో అరటి మొక్కల మొదళ్లు కడుగుతోంది. ఉప్పు దిగిపోవాలని. పాత ఆకుల అంచులు అప్పటికే కాల్చినట్టు గోధుమరంగులో ఉన్నాయి. నాకు అక్కడ ఏ మ్యూజియం చూపించినా ఇంతకన్నా ఎక్కువ తెలిసేది కాదు.

ఇప్పుడు నాకు నచ్చని సంగతి. మర్నాడు తమ్ముడితో ద్వీపం చుట్టూ నడిచాను, అరగంట పట్టింది. తూర్పు వైపు మగూ పొదలు, మొగలి పొదలు ఉన్నచోట ఇసుక అలాగే ఉంది. మొగలిని వాళ్లు కషికెయో అంటారు, పండు తింటారు కూడా. మనం పువ్వు జడలో పెట్టుకుని పండు పారేస్తాం. పడమట మాత్రం రేవు ఉంది. లగూన్ (ద్వీపం పక్కన ఉండే లోతు తక్కువ సముద్రం) తవ్వి, రాళ్ల గట్టు బయటికి చాచి కట్టారు. ఆ గట్టుకు అవతల పక్క ఒడ్డు నిలువునా కోసుకుపోయి, కొబ్బరి వేళ్లు గాలిలో వేలాడుతున్నాయి. అక్కడే ఎవరో ఇసుక బస్తాలు పేర్చారు, సగం చిరిగాయి. ఉధా వచ్చింది ఆ సందులోంచే.

అక్కడి ఇసుక ఒకచోట ఉండదు. నైరుతి గాలికి ఒక వైపుకు పోతుంది, ఈశాన్యపు గాలికి తిరిగొస్తుంది. ఏడాదికోసారి పుట్టింటికెళ్లి వచ్చినట్టు. గట్టు అడ్డం పడితే వెళ్లింది తిరిగి రాదు. ఉప్పాడలో జియోట్యూబు గోడ (ఇసుక నింపిన పెద్ద గొట్టపు సంచులు) వేశాక కూడా సముద్రం రోడ్డును ఎలా కోస్తోందో మనం చూస్తూనే ఉన్నాం. రేవు వద్దని నేను అనను. అది లేకపోతే నిండు చూలాలిని పడవ ఎక్కించడం ఎలా? కానీ రేవు కట్టినవాళ్లు ఇసుక ఎటు పోతుందో ఆ ముసలాయనను ఒక్కసారి అడిగి ఉండాల్సింది.

ఇంతకన్నా పెద్ద వాదన హుల్హుమాలే గురించి జరిగింది. మాలే పక్కన సముద్రాన్ని ఇసుకతో పూడ్చి, 1997 నుంచి కడుతున్న కొత్త ఊరు అది. నీటి మట్టానికి రెండు మీటర్ల ఎత్తు, చుట్టుపక్కల సహజ ద్వీపాలకన్నా పైనే. సముద్రం పెరిగితే అందరం అక్కడికే అన్నట్టు కట్టారు. దక్షిణాన ఆడ్డూలో కూడా మన ఎగ్జిమ్ బ్యాంకు అప్పుతో పూడ్చారు. పూడ్చడానికి లగూన్‌లోంచి ఇసుక పీలుస్తారు, ఆ మడ్డి వెళ్లి పగడాల మీద కూర్చుంటుంది. అలను మొదట విరిచేది ఆ పగడాల దిబ్బే కదా అన్నాను.

"అక్కా, జనం ఎక్కడుండాలి మరి? నువ్వు ఆరు గదులుండగా ఏడోది ఎందుకు కట్టావ్?" అన్నాడు.

"కట్టాను రా. కానీ దాని పునాదికి మట్టి మిగతా ఆరు గదుల కిందినుంచి తవ్వలేదు."

వాడు నవ్వాడు గానీ ఒప్పుకోలేదు. దేశంలో జనంలో పెద్ద భాగం ఇప్పటికే మాలే చుట్టూ ఉంది, ఆసుపత్రీ కాలేజీ అక్కడే అన్నాడు. సునామీ తర్వాత కందోల్హుధూ అనే ద్వీపం వాళ్లందరినీ దువాఫారు అనే వేరే ద్వీపానికి మార్చిన సంగతి చెప్పాడు. నాలుగేళ్లు తాత్కాలిక గుడిసెల్లో ఉన్నాక కొత్త ఇళ్లు ఇచ్చారట. ఊరు ఊరంతా లేచి ఇంకో చోటికి వెళ్లడం గురించి ఇలా మామూలుగా, బస్సు రూటు మారిందన్నట్టు మాట్లాడుకునే మనుషులను నేను ఇంకెక్కడా చూడలేదు.

స్నార్కెలింగ్ మా ఆయన వెళ్లారు, తలా 25 డాలర్లు. తాబేలు కనిపించింది. పగడాలు చాలాచోట్ల బూడిద రంగులో ఉన్నాయి అన్నారు. 1998లో ఒకసారి, 2016లో ఒకసారి సముద్రం వేడెక్కి తెల్లబడ్డాయి, కోలుకుంటూండగా మళ్లీ వేడి. ఫొటోల్లో చూపించే రంగులు ఆశించి వెళ్లకండి. పడవ కుర్రాడు మంచివాడు, పగడాల మీద నిలబడనివ్వడు.

ఇక బిల్లు. మేం శుక్రవారం బయల్దేరాలి. శుక్రవారం ఫెర్రీ ఉండదని పొద్దున తొమ్మిదింటికి, సామాను సర్దుకున్నాక చెప్పారు. స్పీడ్ బోటు ధర విని సామాను విప్పేశాం. అలా మూడు రాత్రులు నాలుగయ్యాయి. శనివారం బిల్లులో గది అద్దె నాలుగు రాత్రులకే ఉంది గానీ గ్రీన్ ట్యాక్స్ ఐదుకు వేశారు. 60 డాలర్లు.

ఈ గ్రీన్ ట్యాక్స్ ఏంటో తెలిసి వెళ్లడం మంచిది. ఊళ్లలో ఉండే చిన్న గెస్ట్ హౌస్‌ల్లో మనిషికి రాత్రికి 6 డాలర్లు, రిసార్టుల్లో 12. 2025 జనవరి దాకా ఇందులో సగమే ఉండేది. చెత్త, మురుగు, తీరం కాపాడే పనులకు ఈ డబ్బు అని చెప్తారు. మా ఇద్దరికీ నాలుగు రాత్రులకు 48 డాలర్లు, అంటే నాలుగు వేలు పైనే. వేరే దేశంలో అయితే గొణిగేదాన్ని. మూడు రకాల నీళ్లు వాడి, రెండో మెట్టు మీద ఆగిన సముద్రాన్ని చూశాక గొణగబుద్ధి కాలేదు. చిరిగిన బస్తాల దగ్గరికి ఇందులో ఎంత చేరిందని మాత్రం అడగబుద్ధయింది.

కానీ 48 వేరు, 60 వేరు. కౌంటర్లో కుర్రాడు "ఐదు రోజులున్నారు కదా మేడమ్" అన్నాడు. పన్ను రాత్రికి బాబూ, పగటికి కాదు అన్నాను. కంప్యూటర్ చూపించాడు. నేను ఓనరమ్మ నోటు పుస్తకం తెమ్మన్నాను. అందులో గదుల్లో ఎంతమంది అన్న గడిలో మా ఇద్దరి లెక్క నాలుగు రోజులకే ఉంది. ఆవిడ చూసింది, కుర్రాడి వైపు ఒక చూపు చూసింది, ఎక్కువ తీసుకున్న డబ్బు తిరిగి ఇచ్చేసింది. అందుకే పేరు రాయడం లేదు.

ఎవరైనా వెళ్తే నా సలహాలు: బకెట్టు అడగండి, పడమటి వైపు కింది గది తీసుకోకండి, శుక్రవారం ప్రయాణం పెట్టుకోకండి, ప్యాకెట్లో పచ్చడి ఉంచుకోండి, గ్రీన్ ట్యాక్స్ రాత్రుల లెక్క మీరే వేసుకోండి.

నా 12 డాలర్లు డాలర్లలో లేవని 185 రుఫియాలు ఇచ్చారు. అవి మన బ్యాంకులో మారవు. జెట్టీ దగ్గర తమ్ముడి జేబులో పెట్టేసి, పలక అడుగున రబ్బరు పట్టీ ఏ సైజుదో ఓనరమ్మను అడిగి ఫొటో పంపమని చెప్పి ఫెర్రీ ఎక్కాను. వాడు ఇంకా పంపలేదు.